మేఘన భుజానికి సరిపడే తూటా

2006 మే నెలలో మా కంపెనీ నాకు ఒక కొత్త పని అప్పజెప్పింది. కాగితం మీద దాని పేరు చాలా గంభీరంగా ఉండేది: యూత్ డీర్ లోడ్, లో రికాయిల్. తేలిక మాటల్లో చెప్పాలంటే, పన్నెండు పదమూడేళ్ల పిల్లలు జింకల వేటలో వాడుకునేందుకు భుజాన్ని గట్టిగా తన్నని రైఫిల్ తూటా ఒకటి ఎంచాలి, పరీక్షించాలి, ఫ్యాక్టరీలో తయారీకి సిద్ధం చేయాలి. అప్పటికి నేను సీనియర్ బాలిస్టిక్స్ ఇంజినీరుని. నా పైన చీఫ్ బాలిస్టీషియన్ వేన్, ఆయన పైన ప్లాంట్ మేనేజర్. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు. ప్లాంట్ ఆర్కన్సాలో, బెంటన్‌విల్‌కి కారులో రెండు గంటల దూరంలో, కొండల మధ్య ఉండేది. కంపెనీ పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు.

తెనాలిలో పుట్టి, గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పెరిగిన మనిషి జింకల్ని కొట్టే తూటాల ఫ్యాక్టరీలో ఏం చేస్తుందని మనవాళ్లు అడగని రోజు లేదు. మెకానికల్ ఇంజినీరింగ్‌లో ఎం.ఎస్. చేసి, మావారికి ప్లాంటున్న ఊరి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం వస్తే వెంట వెళ్లాను. ఆ చుట్టుపక్కల ఇంజినీర్లని తీసుకునే చోటు అదొక్కటే. పీడనం, వేగం కొలిచే పని అన్నారు, చేరాను. బుల్లెట్ మాంసంలో ఎలా ప్రవర్తిస్తుందో చూడడానికి మేము జెలటిన్ దిమ్మలు పోస్తాం. అది పంది చర్మం నుంచి తీసే పొడి. దాన్ని సరైన వేడి నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, అచ్చుల్లో పోసి, ఫ్రిజ్‌లో పెట్టడం మా ల్యాబ్‌లో నాకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. హల్వా కలిపిన చెయ్యి కదా! ఈ సంగతి మా అమ్మకి చివరిదాకా చెప్పలేదు.

ఇక పని సంగతి. తూటా అంటే చాలామంది ముందుకు ఎగిరే ముక్క అనుకుంటారు. ఆ ముక్క బుల్లెట్. తూటా అంటే బుల్లెట్‌తో పాటు దాన్ని పట్టుకున్న ఇత్తడి గొట్టం, గొట్టంలోని మందు, అడుగున మందుకి నిప్పంటించే ప్రైమర్, అన్నీ కలిపి. మందు మండి బుల్లెట్‌ని ముందుకు నెడితే, అందుకు బదులుగా తుపాకి వెనక్కి వస్తుంది. దాన్నే రికాయిల్ అంటారు. బుల్లెట్ బరువు పెరిగినా, వేగం పెరిగినా, మందు ఎక్కువైనా ఆ తన్ను పెరుగుతుంది. తుపాకి బరువుగా ఉంటే తన్ను తగ్గుతుంది. ఇంతవరకు ఇంటర్మీడియెట్ ఫిజిక్సే.

అమెరికాలో తాతల కాలం నుంచి జింకలకి వాడే పెద్ద తూటా ఒకటుంది, థర్టీ-ఆట్-సిక్స్ అంటారు. గట్టి మగవాడి భుజాన్ని కూడా అది మర్యాదగా వదలదు. దాని తన్నులో సగం తన్నేది టూ-ఫార్టీ-త్రీ. బుల్లెట్ సన్నగా ఉన్నా, జింకకి సరిపోయేంత బరువుంటుంది. పిల్లల రైఫిళ్లు చాలావరకు ఆ తూటాకే తయారవుతాయి కనుక వేన్, నేను పెద్ద చర్చ లేకుండానే దాన్ని ఎంచాం. చిక్కు ఆ తర్వాత వచ్చింది. మార్కెటింగ్ మేనేజర్‌కి మామూలు టూ-ఫార్టీ-త్రీ చాలదు. మందు ఇంకా తగ్గించి, బుల్లెట్ ఇంకా తేలిక చేసి, పోటీ కంపెనీలన్నిటి కన్నా తక్కువ రికాయిల్ సంఖ్య అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయాలని ఆయన పట్టు. సెప్టెంబరు ఆఖరుకి కేటలాగు ప్రెస్సుకి వెళ్తుంది. అప్పటికి తేల్చమన్నారు.

మా దగ్గర రికాయిల్‌ని ఎవరి భుజం మీదా కొలవరు. పరీక్షకి వాడే తుపాకి గొట్టాన్ని ఉక్కు దిమ్మకి బిగిస్తాం. తాడు లాగి పేలుస్తాం. పీడనం ఒక యంత్రం చెబుతుంది, వేగం ఇంకొకటి. ఆ అంకెలతో, మామూలు సైజు రైఫిల్ బరువు వేసుకుని, రికాయిల్ ఎంతో లెక్క కడతాం. పద్ధతిలో తప్పేమీ లేదు, అందరూ అలాగే చేస్తారు. బుల్లెట్, మందు ఏ పాళ్లలో ఉండాలో దాన్ని లోడు అంటాం. జూలై వచ్చేసరికి మార్కెటింగ్ వాళ్లు అడిగిన లోడు ఒకటి, మామూలు లోడు ఒకటి, రెండూ నా టేబుల్ మీద ఉన్నాయి. మొదటిదాని సంఖ్య నిజంగానే చాలా తక్కువ. అది నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పటికి గట్టిగా చెప్పగలిగే ఆధారం నా చేతిలో లేదు.

ఆగస్టులో బెంటన్‌విల్ తెలుగువాళ్లు చెరువు ఒడ్డున పిక్నిక్ పెట్టారు. పులిహోర ట్రేల దగ్గర శ్రీధర్ నన్ను పక్కకి పిలిచాడు. శ్రీధర్‌ది వరంగల్. అక్కడి పెద్ద రిటైల్ కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ రాసేవాడు. నన్ను అక్కా అంటాడు, అతని భార్య కవిత వదినా అంటుంది. వాళ్ల పన్నెండేళ్ల అమ్మాయి మేఘన ఆర్కన్సాలోనే పుట్టింది. స్కూల్లో ఆమె స్నేహితురాళ్లలో సగంమంది వేట సీజన్ మొదలవగానే నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని మంచెలెక్కేవాళ్లే. పక్కింటి రోజర్ తన కూతురితో పాటు ఈ పిల్లని కూడా కిందటి నవంబర్లో తీసుకెళ్లాడు. ఆర్కన్సాలో పెద్దవాళ్ల సీజన్ కన్నా ముందు పిల్లలకి ఒక వారాంతం విడిగా ఇస్తారు. పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి, కాల్చేది మాత్రం పిల్లలే.

రోజర్ మంచివాడే కాని, ఆయన దగ్గరున్నది తండ్రి నాటి థర్టీ-ఆట్-సిక్స్. మేఘన దాన్ని అంతకుముందు ఒకే ఒక్కసారి కాల్చింది, భుజం కమిలింది, ఎవరికీ చెప్పలేదు. మంచె మీద రెండోసారి కాల్చినప్పుడు బుల్లెట్ కిందికి పోయి జింక కడుపులో తగిలింది. అది పడలేదు, పరిగెత్తింది. చీకటి పడేదాకా రక్తపు చుక్కలు పట్టుకుని వెతికారు. దొరకలేదు. ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఏడవలేదట. అన్నం కూడా తినలేదట.

ఏడాది తిరిగేసరికి పిల్ల మర్చిపోతుందనుకున్నారు తల్లిదండ్రులు. మర్చిపోలేదు సరికదా, మళ్లీ వెళ్తానని కూర్చుంది. ఈసారి నేర్చుకుని వెళ్తానంది. శ్రీధర్ మొదట వద్దన్నాడు. ఒకసారి సరేనన్నాక మాత్రం మనవాళ్లు కాలేజీ సీటు వెతికినట్టు వెతికాడు. ఎక్సెల్ షీటులో ఇరవై తూటాలు వరసగా పెట్టి, రికాయిల్ ఎంత, వేగం ఎంత అని పోల్చి, చివరికి టూ-ఫార్టీ-త్రీ రైఫిల్ కొన్నాడు. అయినా పిల్ల గురి కుదరడం లేదు. వంద గజాల దూరంలో పెట్టిన పేపర్ ప్లేటుకి ఒకటి తగిలితే రెండు మట్టిలోకి పోతున్నాయి.

"అక్కా, ఇది గూడ గట్టిగనే తంతున్నట్టుంది పిల్లకు. ఇంకా చిన్నది, టూ-ట్వంటీ-త్రీ తీసుకుంటే ఎట్లుంటది? షీట్‌ల దాని నంబర్ మస్తు తక్కువుంది" అన్నాడు.

కవిత పక్కన నిలబడి ప్లేట్లు సర్దుతోంది. "వదినా, మీరు వద్దంటే వింటుంది. వద్దని చెప్పండి" అంది నెమ్మదిగా.

మేఘన చెట్టు కింద కూర్చుని వింటోంది. వచ్చి నా ముందు నిలబడింది. బక్కపిల్ల, కళ్లద్దాలు, కుడి కనుబొమ మీద కొత్తగా మానిన చిన్న గాటు.

"అమ్మా, నేను మానేస్తే ఆ డీర్ బ్యాక్ రాదు" అంది తల్లితో. తర్వాత నాతో, "ఆంటీ, ప్లేట్‌లో త్రీ ఇన్ ఎ రో పడకపోతే నేను వెళ్లను. నాన్న చెప్పలేదు, రోజర్ చెప్పలేదు. అది నా రూల్. బట్ ఎందుకు పడట్లేదో నాకు తెలీదు" అంది.

కవిత మాట కాదనడం నాకు కష్టమే అనిపించింది. కాని ఆ పిల్ల అడిగింది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న, అదీ సరిగ్గా అడిగింది. వద్దని చెప్పలేదు. టూ-ట్వంటీ-త్రీ కుదరదని మాత్రం శ్రీధర్‌కి అక్కడే చెప్పాను. తన్ను తగ్గుతున్నకొద్దీ భుజానికి సుఖమే. దాని ఖర్చు జింక భరిస్తుంది. ఎముక అడ్డొస్తే ఆ చిన్న బుల్లెట్ లోపలికి పోదు. పోయిన ఏడాది జరిగిందే ఇంకోసారి జరుగుతుంది. గురి తప్పని ముసలి వేటగాడు వాడుకుంటాడేమో, నేర్చుకునే పిల్ల చేతికి ఇవ్వాల్సింది కాదది.

ఆ శనివారం ఉదయం వాళ్లు కాల్పులు సాధన చేసే కౌంటీ రేంజ్‌కి వెళ్లాను. ముందు శ్రీధర్ తెచ్చిన పెట్టె తీసి చూశాను. టూ-ఫార్టీ-త్రీలోనే అన్నిటికన్నా తేలికైన బుల్లెట్లు. షీటులో వాటికే తక్కువ నంబరు ఉంటుంది మరి. పొలాల్లో బొరియలు తవ్వే చిన్న జంతువుల్ని కొట్టడానికి చేసిన బుల్లెట్లు అవి, తగలగానే పగిలి ముక్కలైపోతాయి. జింక చర్మం దాటగానే పగిలితే చావదు, బతకదు. ఆ పెట్టె మూసి నా కారులో పడేశాను. జింక కోసమే చేసిన బరువైన, మెత్తని మొన బుల్లెట్ల పెట్టె ఒకటి బయటికి తీశాను. శ్రీధర్ ముఖం వాడింది. అన్ని రాత్రులు కూర్చుని చేసిన షీటు కదా.

తర్వాత మా వృత్తిలో పాత పరీక్ష ఒకటి పెట్టాను. మా ల్యాబ్‌లో డమ్మీ తూటాలుంటాయి. చూడడానికి అసలు తూటాలే, లోపల మందు ఉండదు, పేలవు. రైఫిల్ ముందుకి తిప్పి ఉంచి, మేఘన ముఖం అవతలికి తిప్పుకుని ఉండగా, ఒక్కొక్క తూటా నేనే పెట్టాను. ఏది అసలుదో, ఏది డమ్మీయో ఆ పిల్లకి తెలియదు. మొదటిది అసలుది, పేలింది, ప్లేటుకి కింద మట్టి లేచింది. రెండోది డమ్మీ. ట్రిగ్గర్ లాగింది, టిక్కుమంది. తుపాకి తన్నలేదు. తన్నకపోయినా గొట్టం మొన జానెడు కిందికి దిగింది, భుజం ముందుకి విసిరింది, కళ్లు గట్టిగా మూసుకుంది.

మేఘన కళ్లు తెరిచి కిందికి దిగిన మొన వైపు చూసింది.

"అది నేనే చేశానా?" అంది.

అవునన్నాను. పేలడానికి ముందే దెబ్బ వస్తుందని ఒళ్లు బెదిరి ఆ పని చేస్తుంది, అందుకే బుల్లెట్లు కిందికి పోతున్నాయి, కిందటేడాది జింకకి కడుపులో తగిలింది కూడా అందుకే అని దాచకుండా చెప్పాను. మనవాళ్లు పిల్లలతో ఇలా మాట్లాడరు. శ్రీధర్ నా వైపు కోపంగా చూశాడు. ఆ పిల్లకి మాత్రం కోపం రాలేదు. "సో ఇది ఫిక్స్ చేయొచ్చు" అంది.

చేయొచ్చు. కాని ఎందుకు బెదురుతోందన్నది తేలాలి. ఆ రైఫిల్ నేనూ కాల్చి చూశాను. యాభై దాటిన నా భుజానికే అది తన్నినట్టు లేదు, తోసినట్టుంది. రోజర్ తుపాకి పెట్టిన భయం సగం ఉండొచ్చు, మిగతా సగం? మళ్లీ మేఘనని కూర్చోబెట్టి, కాల్చకుండా ఊరికే గురి పెట్టమన్నాను. అప్పుడు కనబడింది. తుపాకి మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, భుజం గుంటలో లేదు, జబ్బ మీద ఉంది. చేయి బార్లా చాచితే తప్ప ట్రిగ్గర్ అందడం లేదు. తుపాకి మీద బిగించిన దుర్బిణి గాజులో చూడాలంటే మెడ ముందుకి సాగదీయాలి. ఆ సాగదీసిన ముఖం మీదికే దుర్బిణి వచ్చి కొడుతోంది. కనుబొమ మీద గాటు దానిదే.

కొలవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. మోచేయి మడిచి, ఆ మడతలో తుపాకి మడమ ఆనించి, చూపుడు వేలు చాపితే ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. మేఘన వేలు ట్రిగ్గర్‌కి మూడు వేళ్ల ఇవతలే ఆగిపోయింది.

ఇది పిల్లల రైఫిల్ కాదే, పెద్దవాళ్ల సైజు కదా అని శ్రీధర్‌ని అడిగాను. పిల్లల సైజు అదే షాపులో, అదే అరలో ఉందట. చూసే వదిలేశాడట.

"ఎదిగే పిల్ల గద అక్కా. చిన్నది తీసుకుంటె రెండేండ్లకు పనికిరాదు. ఇదైతే పెద్దగైనంక సరిగ్గ సరిపోతది" అన్నాడు.

"నా షూస్ కూడా అంతే ఆంటీ" అంది మేఘన. "ఫ్రంట్‌లో పేపర్ పెడతాడు నాన్న."

నవ్వు ఆపుకోలేకపోయాను. మా నాన్న నాకు స్కూలు యూనిఫారం మడమల దాకా కుట్టించి, ఏటా కొంచెం కొంచెంగా అంచు విప్పించేవాడు. మనలో ఎదిగే పిల్లలకి సరిపోయే సైజు ఎవరు కొన్నారు గనక? చెప్పులు, చొక్కాలు, సైకిలు, అన్నీ రెండేళ్లు ముందుకి చూసే కొంటాం. చెప్పులైతే జారతాయి, అంతే. ఇరవై తూటాలు పోల్చిన ఆ షీటులో పిల్ల చేయి పొడుగు కోసం మాత్రం ఒక్క గడి లేదు.

పరిష్కారం ఒక్కటే, మడమ కోయాలి. ఆ మాట వినగానే శ్రీధర్ రైఫిల్‌ని దగ్గరికి లాక్కున్నాడు. కొత్త తుపాకి, నున్నటి వాల్‌నట్ చెక్క, కోస్తే మళ్లీ అతకదంటాడు. ఆ పూట రేంజ్‌లో వాదించాను, మధ్యాహ్నం వాళ్లింట్లో అన్నం తింటూ వాదించాను. చివరికి అతని దారిలోనే వెళ్లాను. కోసిన ముక్క పారేయం, పిల్ల ఎదిగాక పొడుగు మర బోల్టుతో మళ్లీ బిగించుకోవచ్చు అన్నాను. ఆ మాటకి మెత్తబడ్డాడు. ఊళ్లో తుపాకులు బాగుచేసే అతను రంపం పెట్టినప్పుడు మాత్రం ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లిపోయాడు. చెక్క పోయిన బరువు తన్నుగా తిరిగి వస్తుంది కనుక, మడమ లోపల రంధ్రం చేయించి సీసపు గుళ్లు నింపించాను. వెనక మందపాటి రబ్బరు దిండు పెట్టించాను. చెవులకి లోపల బిరడాలు, పైన మఫ్స్, రెండూ ఒకేసారి పెట్టుకోవాలన్నాను. పిల్లలు తన్నుకి ఎంత బెదురుతారో, చప్పుడుకీ అంతే బెదురుతారు.

ఆ తర్వాత వారాలపాటు మేఘన పెద్ద రైఫిల్ ముట్టలేదు. నేనే ముట్టనివ్వలేదు. దాదాపు తన్నే లేని చిన్న ట్వంటీ-టూ రైఫిల్‌తో మొదలుపెట్టి, మధ్యమధ్య డమ్మీలు కలిపి, టిక్కుమన్నప్పుడు మొన కదలకుండా ఉండేదాకా కాల్పించాను. శ్రీధర్ ప్రతి శనివారం తీసుకొచ్చేవాడు. నాకు వీలున్న వారాల్లో నేనూ వెళ్లేదాన్ని. విసుగు పుట్టే పని అది. ఆ పిల్ల విసుక్కోలేదు. మొన కదిలిన ప్రతిసారీ "అగైన్" అనేది, అంతే.

ఈలోగా ఆఫీసులో నా పని తిరగబెట్టాను. మా సంఖ్య తప్పు కాదు. కాని అది పెద్దవాళ్ల సైజు రైఫిల్ బరువుతో కట్టిన సంఖ్య. మా తూటా కొనేది పిల్లల రైఫిళ్ల కోసం. అవి పొట్టివి, తేలికవి. తేలిక కనుక అదే తూటా వాటిలో ఎక్కువ తన్నుతుంది. తుపాకి గొట్టం పొట్టి కనుక మందు పూర్తిగా మండకముందే బుల్లెట్ బయటపడి, మిగిలిన మంట, చప్పుడు పిల్ల ముఖం ముందే పేలతాయి. పిల్లల రైఫిళ్లు తెప్పించి, ఆరుబయట, మనిషి భుజం మీద కాల్చి చూడాలని వేన్‌ని అడిగాను. టైమ్ లేదన్నాడు. టెక్నీషియన్ల ఓవర్‌టైమ్‌కి సంతకం పెట్టకపోతే నేనే వారాంతాల్లో కాలుస్తానన్నాను. నాతో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి, ఊరికే అనడం లేదని తెలుసు. సంతకం పెట్టాడు.

సెప్టెంబరు మీటింగుకి నేను కాగితాలు తీసుకెళ్లలేదు. రెండు జెలటిన్ దిమ్మలు నిలువునా కోసి, ట్రేల్లో పెట్టి, కాన్ఫరెన్స్ టేబుల్ మీద దించాను. రెండూ నూట యాభై గజాల దూరంలో బుల్లెట్‌కి మిగిలే వేగంతో కాల్చినవి. మార్కెటింగ్ వాళ్లు అడిగిన లోడుకి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, పగిలిపోయే తేలిక బుల్లెట్ వాడడం. అది మేఘన తండ్రి కొన్న పెట్టె లాంటిదే, దాన్ని ముందే పక్కన పెట్టేశాను. రెండోది, జింక బుల్లెట్టే ఉంచి మందు బాగా తగ్గించడం. మొదటి దిమ్మలో ఉన్నది అదే. బుల్లెట్ మొన విచ్చుకోవడానికి వేగం చాలలేదు, దిమ్మ ఈ చివరి నుంచి ఆ చివరికి పెన్సిల్ దూర్చినంత సన్నని దారి. రెండో దిమ్మలో మా మామూలు లోడు, బుల్లెట్ పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పాటి దారి చేసింది.

మార్కెటింగ్ మేనేజర్ ఆ సన్నని దారిని చూసి, కాని దీని సంఖ్య తక్కువ కదా అన్నాడు.

నాకు కోపం వచ్చింది, ఆ మాట దాచుకోను. "ఈ దారి పడిన జింక పరిగెత్తుతుంది. దాని వెనక ఒక పిల్ల చీకటి పడేదాకా వెతుకుతుంది. నా సంతకంతో ఇది ఫ్యాక్టరీ దాటదు" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను, కాని తెనాలి గొంతుతో.

వేన్ రెండు దిమ్మల మీదికీ వంగి చూసి, నాకు రెండోది కావాలన్నాడు. మరి మన తూటా ప్రత్యేకత ఏమిటని మేనేజర్ అడిగాడు. దానికి నా దగ్గర జవాబుంది. బుల్లెట్ అదే, వేగం కొద్దిగానే తగ్గిస్తాం. మందు రకం మాత్రం మార్చి, పొట్టి గొట్టంలో కూడా లోపలే మండిపోయేలా చేస్తాం. మంట తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. పెట్టె మీద రికాయిల్ సంఖ్యకి బదులు ఒక బొమ్మ వేద్దాం: మడిచిన మోచేయి, అందులో తుపాకి మడమ, ట్రిగ్గర్ మీదికి అందిన వేలు. బొమ్మ చూసి ఎవరూ తూటాలు కొనరని మేనేజర్ గొణిగాడు. అయినా చివరికి బొమ్మే పడింది. ఆ తూటా గొప్పగా అమ్ముడుపోలేదు, అలాగని ఆగిపోనూ లేదు. నేను రిటైరైన రోజుకి కూడా తయారవుతూనే ఉంది.

అక్టోబరు చివర్లో మేఘన తన పరీక్షకి కూర్చుంది. పొట్టి మడమ, బరువైన బుల్లెట్, చెవులకి రెండు పొరలు. బల్ల లేదు, మంచె మీద కూర్చున్నట్టే కూర్చుని కాల్చాలన్నది కూడా తన నియమమే. మొదటి రెండూ ప్లేట్ మధ్యలో పడ్డాయి. మూడోది అంచు పక్కన, బొటనవేలంత దూరంలో పోయింది. రోజర్ అది చాలన్నాడు. శ్రీధర్ కూడా చాలన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ చాలనే అనిపించింది.

"నో. ప్లేట్‌లో కాదు కదా" అని మేఘన తూటా పెట్టే గడియ తెరిచి, రైఫిల్ కింద పెట్టేసింది. ఆ రోజు మళ్లీ కాల్చలేదు. అలసిపోయిన భుజంతో కాలిస్తే లెక్కలోకి రాదంది. వేటకి ఇంకొక్క శనివారమే మిగిలి ఉంది. ఆ శనివారం కవిత కూడా వచ్చింది, మొదటిసారి. రెండు చేతులతో చెవులు మూసుకుని వెనక నిలబడింది. మూడూ ప్లేట్‌లో పడ్డాయి. కవిత వెళ్లి ప్లేటు తెచ్చి, మూడు చిల్లుల్లోనూ వేలు పెట్టి చూసుకుంది. దాన్ని మడవకుండా కారులో వెనక సీటు మీద పెట్టింది.

పిల్లల వారాంతం మొదటిరోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పని చేసుకుంటున్నానని చెప్పుకున్నాను గాని, ఫోన్ వంకే చూస్తున్నాను. పదింటి ప్రాంతంలో మోగింది. అటువైపు మేఘన ఊపిరి ముందు వినబడింది.

"ఆంటీ, దొరికింది" అంది.

కొట్టాననలేదు, పడిందనలేదు. జింక కాల్చిన చోటి నుంచి కొన్ని అడుగులు వేసి అక్కడే ఒరిగిపోయిందట. ఒక జింక అంతకుముందే వచ్చిందట, కాని పక్క కనబడేలా అడ్డంగా నిలబడలేదని కాల్చలేదట. రోజర్ నాకు ఫోన్‌లో చెప్పింది అదే, ముందొచ్చినదాన్ని వదిలేసిందని. తన నలభై ఏళ్ల వేటలో తను అలా ఒక్కదాన్నీ వదల్లేదన్నాడు. కవిత ఆ మాంసంతో పచ్చిమిరపకాయ వేసి వేపుడు చేసి, వదిన తినదని తెలిసి కూడా మా ఇంటికి ఒక డబ్బా పంపింది. మావారు తిన్నారు. ఆయనకి అలాంటి పట్టింపులు లేవు.

ఆ కోసిన చెక్కముక్క సంగతి కూడా చెప్పాలి. మేఘన వాళ్లమ్మ పోలిక, అయిదడుగుల దగ్గర ఎదగడం ఆపేసింది. కాలేజీకి వెళ్లేదాకా ఆ పొట్టి మడమ తుపాకే వాడింది. ముక్క శ్రీధర్ గరాజ్‌లో మర బోల్టుతో సహా భద్రంగా ఉంది. ఎప్పుడైనా వాళ్లింటికి వెళ్తే నేనే అడుగుతాను, ఇంకా ఎదుగుతుందేమో చూద్దామంటాడు.

ఈ పని నాకు నేర్పింది ఇంతే. తూటాని ఎంచేటప్పుడు రెండు చివరలూ చూడాలి. తుపాకి వెనక ఉన్న పిల్ల బెదరకూడదు, తుపాకి ముందు ఉన్న జంతువు నరకం పడకూడదు. ఒకరి సుఖం కోసం రెండోవారిని మరిచిపోయే లోడుకి సంతకం పెట్టకూడదు. రెండువైపులకీ సరిపోయే తూటాలు చాలానే ఉన్నాయి, కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. అన్నిటికన్నా తక్కువ సంఖ్య వెతకడం మాత్రం ఎంపిక కాదు. 2013లో రిటైరయ్యేదాకా, మా పిల్లకి ఏ తూటా మంచిదని ఎవరు ఫోన్ చేసి అడిగినా నేను తూటా పేరు చెప్పలేదు. పిల్లనీ తుపాకినీ కలిపి ఒకసారి తీసుకురమ్మన్నాను.